లెగ్లర్ బావుల సాక్ష్యం

న్యూజెర్సీలో స్థిరపడ్డ మనవాళ్లకు జాక్సన్ అంటే సిక్స్ ఫ్లాగ్స్. ఎండాకాలం సెలవులొస్తే పిల్లల్ని కారెక్కించుకుని అక్కడికి వెళ్లిరాని తెలుగు కుటుంబం అరుదు. ఆ వినోదాల పార్కును 1974 జూలైలో తెరిచారు. అంతకు రెండేళ్ల ముందు, 1972లో, అదే జాక్సన్ టౌన్‌షిప్ లెగ్లర్ అనే వాడ దగ్గర మరొకటి తెరిచింది. ఊరి చెత్తను పూడ్చిపెట్టే స్థలం. ఈ కథ దానిది. దాని చుట్టూ ఉన్న ఇళ్లలో బావి నీళ్లు తాగిన 339 మందిది.

ఇందులోని సంవత్సరాలు, రసాయనాల పేర్లు, డాలర్ల లెక్కలు కోర్టు తీర్పుల్లో, ప్రభుత్వ చట్టాల్లో ఉన్నవే. ఇంట్లో భార్యాభర్తలు అనుకున్న మాటలు మాత్రం అక్కడ నమోదైన సాక్ష్యాల ఆధారంగా నేను అల్లినవి. వాళ్లకు పేర్లు పెట్టలేదు. ఆ 339 మందిలో ఎవరైనా కావచ్చు.

ఇసుక కింద సముద్రం

దక్షిణ న్యూజెర్సీలో పైన్ చెట్ల అడవి ఒకటి మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటుంది. పైన్ బారెన్స్ అంటారు. పంట పండని ఇసుక నేల కాబట్టి తొలినాళ్లలో వచ్చినవాళ్లు దాన్ని గొడ్డునేల కిందే జమకట్టారు. కానీ ఆ ఇసుక అడుగున కొహాన్సీ అనే జలపొర ఉంది. అక్కడ పడిన వాన నిలవదు, పెద్దగా పారదు. నేరుగా ఇంకిపోతుంది. తరతరాలుగా అలా ఇంకి నిండిన నీరు 17 లక్షల కోట్ల గ్యాలన్లు ఉంటుందని ఒక అంచనా. 1870ల్లో ఫిలడెల్ఫియా పారిశ్రామికవేత్త జోసెఫ్ వార్టన్ ఆ నీటి కోసమే అక్కడ వేల ఎకరాలు కొన్నాడు. కాలువలు తవ్వి తన నగరానికి తరలించాలన్నది అతని పథకం. మా నీళ్లు పొలిమేర దాటవని న్యూజెర్సీ శాసనసభ చట్టం చేసి అడ్డుకుంది. ఆ నీటి విలువ తెలియని రాష్ట్రం కాదది.

ఇంకే గుణం ఆ నేలకు వరం. ముప్పు కూడా అందులోనే ఉంది. వానను ఆపని ఇసుక మరి దేన్నీ ఆపదు. నల్లరేగడి అయితే తడవగానే ఉబ్బి బిగుసుకుంటుంది, కింది నీటికి కొంతైనా కాపలా కాస్తుంది. కొహాన్సీ ఇసుకకు ఆ శక్తి లేదు.

టౌన్‌షిప్ ఎంచుకున్న చోటు అందుకు తోడైంది. అది ఇల్మనైట్ తవ్వి వదిలేసిన గని ప్రాంతం. మన భీమునిపట్నం తీరంలో ఇసుక మీద నల్లగా మెరిసేది ఆ ఖనిజమే. తెల్ల పెయింట్లలో వాడే టైటానియం దాన్నుంచే తీస్తారు. గని తవ్వకమంటే పై నేలను ఒలిచేసి, నీటి మట్టానికి మరింత చేరువగా గుంత చేయడం. తవ్విన గుంత ఎలాగూ ఖాళీగా ఉంది కాబట్టి చెత్తతో నింపేద్దాం అనుకోవడం ఒక్క జాక్సన్ పాలకుల ఆలోచనే కాదు. ఎన్నో దేశాల్లో ఎన్నో పురపాలక సంఘాలు అదే పని చేశాయి. చెత్త అడుగున బంకమట్టి పొర, దాని మీద ప్లాస్టిక్ పొర పరిచి తీరాలన్న జాతీయ నిబంధన అమెరికాలో ఊరి చెత్తకు 1991 దాకా రాలేదు.

చుట్టూ ఇళ్లు. ప్రతి ఇంటికీ సొంత బావి. బావి అంటే మన బోరులాంటిదే. మోటారు వేస్తే వంటింట్లో కుళాయి వస్తుంది. నీళ్ల బిల్లు లేదు. 1974లో అమెరికా తాగునీటి భద్రత కోసం పెద్ద చట్టమే చేసింది. అయితే అది పదిమందికి నీరు పంచే సరఫరా వ్యవస్థలకే వర్తిస్తుంది. ఇంటి బావి ఇంటివాళ్ల బాధ్యత. లెగ్లర్‌లో ఒక ఇల్లాలు గ్లాసులో పట్టుకున్న నీళ్లు ఎలాంటివో పరీక్షించి చెప్పాల్సిన బాధ్యత ఆ చట్టం ఎవరి మీదా పెట్టలేదు.

1978 చివర

ఆ ఏడాది ఆగస్టులో అమెరికా అంతా లవ్ కెనాల్ గురించే మాట్లాడుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలో నయాగరా జలపాతం పక్క ఊరు. రసాయనాలు పూడ్చిన కాలువ మీద కట్టిన బడి, ఇళ్లు. అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. లెగ్లర్‌లోనూ టీవీలో ఆ వార్తలు చూసి జాలిపడి ఉంటారు. నవంబరు 10న అదే కార్టర్ సంతకంతో పైన్ బారెన్స్ జాతీయ రక్షిత ప్రాంతమైంది. ఆ అడవినీ దాని కింది నీటినీ కాపాడుకోవాలని దేశం తీర్మానించుకున్న రోజులవి.

ఆ రోజుల్లోనే జాక్సన్ ఆరోగ్య మండలి లెగ్లర్ ఇళ్లకు కబురు పెట్టింది. కొన్ని బావుల నీటిని పరీక్షిస్తే విషపదార్థాలు బయటపడ్డాయి. ఆ నీళ్లు తాగకండి. ఒంటికి ఎక్కువసేపు తగలనీయకుండా స్నానాలు, ఉతుకుళ్లు తగ్గించుకోండి.

ఆ రాత్రి ఒక వంటింట్లో.

“తాగొద్దన్నారు సరే. వంటకో?”

“వంటకూ వద్దనే కదా దానర్థం.”

“స్నానం?”

“తొందరగా ముగించాలట.”

“మరిగిస్తేనో?”

అతను జవాబు చెప్పలేదు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. బావిలో దొరికినవి సూక్ష్మజీవులు కావు. బెంజీన్, క్లోరోఫామ్, ట్రైక్లోరోఎథిలీన్ వంటివి. తేలిగ్గా ఆవిరయ్యే ద్రవాలు. వేడి చేస్తే నీళ్లలోంచి వంటింటి గాలిలోకి వస్తాయి. అందుకే వేడినీళ్ల స్నానం గురించీ భయపడాల్సి వచ్చింది.

“ఎన్నాళ్ల నుంచి ఉన్నాయట?” అని ఆమె అడిగింది.

ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి. కోర్టు కథ దగ్గర దీనికి మళ్లీ వస్తాం.

పీపా

మొదట్లో ట్యాంకర్లు వచ్చాయి. వాడలో అక్కడక్కడ నిలబెట్టేవారు. జనం ఇంట్లోంచి గిన్నెలు, డబ్బాలు, క్యాన్లు పట్టుకెళ్లి నింపుకుని మోసుకొచ్చేవారు. ట్యాంకరు చుట్టూ బిందెల వరస చూసి పెరిగిన మనకు ఇది కొత్త కాదు. అక్కడివాళ్లకు కొత్త. పూడ్చిన చెత్త నుంచి న్యూయార్క్ నగరం రెండు గంటల ప్రయాణం కూడా ఉండదు.

కొద్ది రోజులకు ట్యాంకర్లు ఆపి పీపాలు మొదలుపెట్టారు. ఒక్కోటి 40 గ్యాలన్లు. లోపల ప్లాస్టిక్ తొడుగు వేసి నీళ్లు నింపి, లారీలో తెచ్చి ఇంటి ఆవరణలో దించేసి వెళ్లిపోయేవారు. 40 గ్యాలన్లంటే 150 లీటర్లు. నిండా ఉంటే నీటి బరువే 150 కిలోలు. దాన్ని ఇంట్లోకి చేర్చడం ఇంటివాళ్ల తంటా. ఇంట్లో మగమనిషి పనికి వెళ్లాక లారీ వస్తే? పెద్దవాళ్లే ఉన్న ఇంట్లో? మంచు కురిసే జనవరిలో?

“పీపా బయటే ఉంది. పైన మంచు గడ్డకట్టింది.”

“సాయంత్రం వచ్చి చూస్తాను.”

“సాయంత్రం దాకా పిల్లల మొహాలు దేంతో కడగను?”

ఇలాంటి మాటలు ఆ వాడలో ఎన్ని ఇళ్లలో నడిచాయో. ఒకరోజు కాదు, వారం కాదు. 20 నెలలు. ప్రతి గిన్నె కడగడానికి ముందు లెక్క. ప్రతి స్నానానికీ లెక్క. టాయిలెట్‌లో ఏ నీళ్లు, పళ్లు తోముకోవడానికి ఏ నీళ్లు, కుక్కకు ఏ నీళ్లు. విచారణలో ఒకరి తర్వాత ఒకరు ఇవే చెప్పారు. నష్టాన్ని ఎలా చూడాలో జ్యూరీకి వివరిస్తూ న్యాయమూర్తి నీళ్లు మోసుకోవడానికి వృథా అయిన సమయాన్ని, శ్రమను, చికాకును పేర్కొని, కుటుంబాల్లో చెడిన సామరస్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోమన్నారు. నీళ్లు లేని ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య పెరిగే రుసరుస ఒక నష్టమేనని, అది పరిహారానికి అర్హమేనని ఒక న్యాయస్థానం గుర్తించడం నాకు ఈ కథలో అన్నిటికన్నా మానవీయంగా కనిపించింది. బోరు చెడిపోయిన ఊళ్లలో మన అధికారులు ‘ట్యాంకర్లు పంపుతున్నాం’ అని ఒక్క ముక్కలో తేల్చేసే విషయం ఇది.

1980 నడిమికి ఊరి మంచినీటి పైపులు లెగ్లర్ చేరాయి. పీపాలు పోయాయి.

నేల కింద ఎలా చూస్తారు?

చెత్త కుళ్లుతూ ఉంటుంది. మీద వాన పడి అందులోంచి దిగుతూ కరిగేవన్నీ కరిగించుకుని నల్లని రసంగా అడుగుకు చేరుతుంది. లీచేట్ అంటారు. ఆపే పొర లేకపోతే అది కింది నీళ్లలో కలుస్తుంది. భూగర్భ జలం నిలవున్నట్టే కనిపిస్తుంది గానీ నడుస్తూ ఉంటుంది. ఇసుక నేలల్లో రోజుకు జానెడో, అడుగో. మిట్ట నుంచి పల్లానికి, ఏరు ఉన్న దిక్కుకు. గాలి లేని గదిలో అగరుబత్తి పొగ ఎలా ఒక పాయగా సాగి మెల్లగా వెడల్పవుతుందో, ఆ రసం నీటి నడకతో పాటు అలా ఒక పాయగా సాగుతుంది. పాయ లోపల బావి ఉన్న ఇల్లు మునిగిపోయినట్టే. పది గజాల అవతల ఇల్లు బాగానే ఉండొచ్చు.

ఆ పాయను పట్టుకోవడానికి తవ్వేవే పరిశీలన బావులు. ఒకటి కుప్పకు ఎగువన ఉండాలి. చెత్త తాకని నీరు ఎలా ఉంటుందో అది చెబుతుంది. కనీసం మూడు దిగువన. ప్రమాదకర వ్యర్థాల స్థలాలకు అమెరికా 1980లో పెట్టిన నియమం ఇదే. ఎగువకూ దిగువకూ మధ్య తేడాయే కుప్ప చేసిన పని. ఎగువ బావి లేకుండా ఎన్ని పరీక్షలు చేసినా ‘ఈ నీళ్లు మొదట్నుంచీ ఇంతే’ అనేవాడి నోరు మూయించలేం.

నమూనా తీయడం సీసా ముంచి నింపుకొచ్చే పని కాదు. గొట్టంలో నిలవున్న నీరు ఆ పొర నీరు కాదు. అందుకని ముందు కొంత నీరు తోడి పారబోస్తారు. పారబోస్తూ వేడి, పీహెచ్, విద్యుత్ వాహకత కొలుస్తుంటారు. ఆ అంకెలు కదలకుండా నిలబడ్డాకే సీసా పట్టాలి. లెగ్లర్‌లో దొరికినలాంటి ఆవిరయ్యే రసాయనాల కోసమైతే 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసా వాడతారు. అంచు దాకా నింపి మూత పెట్టి తలకిందులు చేసి చూస్తారు. లోపల ఒక్క బుడగ కనిపించినా ఆ సీసా పనికిరాదు. రసాయనం బుడగలోకి చేరుకుంటుంది, ప్రయోగశాలలో ‘లేదు’ అని రావచ్చు. సీసాను మంచులో పెట్టి పంపాలి. దాన్ని ఎవరు తీశారు, ఎవరి చేతికిచ్చారు, ఎన్ని గంటలకు అన్న కాగితం వెంట నడవాలి. ఎందుకంటే రేపు ఆ సీసా కోర్టులో నిలబడాల్సి రావచ్చు.

అన్నిటికన్నా ముందు వచ్చే వార్తాహరి క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండేది. ఇసుక రేణువులకు అది అంటుకోదు. నీటితో సమానంగా నడుస్తుంది. దిగువ బావిలో క్లోరైడ్, వాహకత నెలనెలా పెరుగుతుంటే వెనకాల మరేవో వస్తున్నాయని అర్థం. ఆ దశలో మేల్కొంటే ఇళ్ల బావులకు చేరేలోగా ఏదైనా చేయడానికి వ్యవధి ఉంటుంది. చెత్త పక్కన నీటిని పదే పదే కొలవడమనే పనికి ఉన్న ప్రాణం అంతా ఆ వ్యవధిలోనే ఉంది.

1972లో ఈ శాస్త్రం ఇంకా లేత వయసులో ఉంది. నీళ్లలో వందకోట్లో వంతుగా ఉన్న ఆవిరి రసాయనాలను తేలిగ్గా పట్టే పద్ధతి 1974లో గానీ ప్రచురణ కాలేదు. ఆ మాట చెప్పి అందర్నీ వదిలేయలేం. క్లోరైడ్ కొలవడానికి కొత్త శాస్త్రం అక్కర్లేదు.

“ఎంత?”

లెగ్లర్ వాసులు టౌన్‌షిప్ మీద దావా వేశారు. ‘ఏయర్స్ వర్సెస్ టౌన్‌షిప్ ఆఫ్ జాక్సన్’ అన్న పేరుతో అది న్యాయశాస్త్రం చదివే విద్యార్థులకు ఇప్పటికీ పాఠం. 1983లో జ్యూరీ ముందు విచారణ నడిచింది.

ఊరి చెత్తస్థలం నుంచి కొహాన్సీ పొరలోకి దిగిన రసాయనాల పేర్లను విషపదార్థాల నిపుణుడు ఒక్కొక్కటిగా చెప్పాడు. ఎసిటోన్, బెంజీన్, క్లోరోబెంజీన్, క్లోరోఫామ్, డైక్లోరోఫ్లోరోమీథేన్, ఇథైల్‌బెంజీన్, మిథిలీన్ క్లోరైడ్, మిథైల్ ఐసోబ్యూటైల్ కీటోన్, టెట్రాక్లోరోఈథేన్, టెట్రాహైడ్రోఫ్యూరాన్, ట్రైక్లోరోఈథేన్, ట్రైక్లోరోఎథిలీన్. పన్నెండు. వీటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. కొన్ని కాలేయానికి, మూత్రపిండాలకు చేటు. ఈ నీళ్లు తాగినవాళ్లకు క్యాన్సర్ ముప్పు పెరిగిందా? పెరిగింది అన్నాడు. ఎంత పెరిగింది?

అక్కడ ఆగాడు. ఎంతో చెప్పలేనన్నాడు. పన్నెండు రసాయనాలు ఒకే శరీరంలో ఒకదానితో ఒకటి కలిసి ఏం చేస్తాయో తేల్చే విజ్ఞానం లేదని వివరించాడు.

ఆ వంటింట్లో ఆమె అడిగిన ప్రశ్న ఇక్కడ బరువెక్కుతుంది. రసాయనాల కలయిక ఫలితం శాస్త్రానికి తెలియకపోవడం ఒక సంగతి. ఇంటి బావిని అడిగే చట్టం లేని ఆరేళ్లు మరో సంగతి. 1973లో ఆ బావిలో ఏముంది, 1976లో ఎంతుంది అని ఇప్పుడెవరు వెనక్కి వెళ్లి కొలుస్తారు? తాగిన నీళ్లు తాగినవాళ్లలో కలిసిపోయాయి. బావిలో ఉన్నవి నిన్నటి నీళ్లు కావు. కొలవాల్సిన రోజు కొలవని అంకెను ఆ తర్వాత ఎంత డబ్బు పోసినా ఎవరూ పుట్టించలేరు.

జ్యూరీ టౌన్‌షిప్‌నే తప్పుపట్టింది. చెత్తస్థలాన్ని నడిపిన తీరు స్పష్టంగా అసమంజసమంది. బావులు చెడడానికి అదే కారణమంది. మొత్తం సుమారు కోటి 58 లక్షల డాలర్ల పరిహారం తేల్చింది. అందులో 20 నెలలు కుళాయి లేక చెడిన బతుకులకు 53,96,940 డాలర్లు. మానసిక క్షోభకు 20,56,480. ఏటేటా వైద్య పరీక్షల ఖర్చుకు 82,04,500.

టౌన్‌షిప్ పైకోర్టుకెళ్లింది. క్షోభ సొమ్ము పోయింది. ప్రభుత్వ సంస్థల నుంచి బాధకు, వేదనకు పరిహారం రాబట్టడానికి రాష్ట్ర చట్టం కఠినమైన హద్దులు పెట్టింది. వైద్య పరీక్షల సొమ్మునూ అప్పీలు కోర్టు కొట్టేసింది. చివరికి 1987 మే 7న న్యూజెర్సీ సుప్రీంకోర్టు తీర్పు. జస్టిస్ గ్యారీ స్టైన్ రాశారు. బతుకు చెడినందుకిచ్చిన సొమ్ము నిలబడింది. క్షోభకు ఇచ్చింది తిరిగి రాలేదు. ముప్పు పెరిగినందుకు విడిగా పరిహారం అడిగితే, అంకెల్లో చెప్పలేని ముప్పుకు వెల కట్టలేమన్నారు. కానీ వైద్య పరీక్షల సొమ్మును కోర్టు తిరిగి నిలబెట్టింది. జబ్బు రాకముందే జబ్బు కోసం వెతుక్కునే ఖర్చు, విషనీరు తాగించినవాడే భరించాలన్నది ఆ తీర్పుతో స్థిరపడింది. అమెరికాలో ఆ తర్వాత ఎన్నో కేసులకు అదే దారి చూపింది. ముప్పు విషయంలో జస్టిస్ హ్యాండ్లర్ మిగతావారితో ఏకీభవించలేదు. కొలత దొరకనంత మాత్రాన నష్టం లేనట్టు కాదన్నది ఆయన అసమ్మతి సారం. నా మనసు ఆయన వైపే మొగ్గుతుంది. కొలిచే పని ఎవరిదో వాళ్లే కొలవకపోతే, ఆ లోటు తాగినవాళ్ల మీద ఎందుకు పడాలి?

తీర్పు వచ్చిన రెండు నెలలకు, 1987 జూలైలో, తాగునీటిలో ఎనిమిది ఆవిరి రసాయనాలకు అమెరికా తొలిసారి పరిమితులు పెట్టింది. లెగ్లర్ జాబితాలోని బెంజీన్, ట్రైక్లోరోఎథిలీన్ అందులో ఉన్నాయి. రెండింటికీ లీటరుకు 5 మైక్రోగ్రాములు. 1991లో ఊరి చెత్తస్థలాలకూ నియమాలొచ్చాయి. ఆరు నెలలకోసారి పరిశీలన బావుల పరీక్ష, మూసేశాక మరో 30 ఏళ్లు నిఘా. ఇంటి బావులను ఫెడరల్ చట్టం ఇప్పటికీ పట్టించుకోదు. న్యూజెర్సీ మాత్రం 2001లో సొంతంగా చట్టం చేసుకుంది. బావి ఉన్న ఇల్లు చేతులు మారేటప్పుడు గుర్తింపు పొందిన ప్రయోగశాలలో నీటి పరీక్ష తప్పనిసరి. ఆవిరి రసాయనాలు ఆ జాబితాలో ఉన్నాయి. అక్కడ బావి ఉన్న ఇల్లు కొన్న తెలుగువాళ్లు ఆ నివేదిక మీద సంతకం పెట్టే ఉంటారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్‌లోనూ రారిటన్ నది పక్కన కిన్-బక్ అనే పాత చెత్తస్థలం సూపర్‌ఫండ్ జాబితాకు, అంటే అమెరికా ప్రభుత్వం శుద్ధి చేయించే విషస్థలాల జాబితాకు, ఎక్కింది. నీటి నివేదికను ఇంటి కాగితాల్లో మరో కాగితంగా చూసి పక్కన పెట్టకండి.

మన కుప్పల చుట్టూ

హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ పేరు వింటే మల్కారం చెరువు గుర్తొస్తుంది. కుప్పలోంచి దిగిన రసం ఆ చెరువును నల్లబరిచింది. పాత గుట్టను పైనుంచి కప్పేశారు. లీచేట్ శుద్ధి కేంద్రం పెట్టారు. అవి మంచి పనులు. పైన కప్పితే కొత్త వాన లోపలికి దిగదు. అప్పటికే దిగిపోయినది మాత్రం నేల కింద తన దారిన తాను పోతూనే ఉంటుంది. దాని జాడ చెప్పేది చుట్టుపక్కల బోర్లే. విశాఖ చెత్త పోసే కాపులుప్పాడ, భీమిలి దగ్గరి ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మన దగ్గర నియమాలు లేవా? ఉన్నాయి. 2000లో ఒకసారి, 2016లో మరోసారి రాసుకున్నాం. 2016 నియమాల ప్రకారం కొత్త చెత్తస్థలం అడుగున 90 సెంటీమీటర్ల బిగించిన బంకమట్టి, దాని మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర ఉండాలి. నీటి మట్టం దానికి కనీసం 2 మీటర్ల కిందుండాలి. చెత్త పోయడం మొదలుపెట్టక ముందే అక్కడి భూగర్భ జలాన్ని పరీక్షించి ఆ అంకెలను దాచాలి. తర్వాత స్థలం అంచు నుంచి 50 మీటర్ల లోపల ఎండాకాలం, వానాకాలం, వానలు వెలిశాక నీటిని చూస్తుండాలి. మూసేశాక 15 ఏళ్లు నిఘా ఉంచాలి. ‘ముందే పరీక్షించి దాచాలి’ అన్న ఆ ఒక్క వాక్యం లెగ్లర్‌లో అమలై ఉంటే ఆ విచారణ వేరుగా నడిచేది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది నేల. కొహాన్సీ ఇసుకలో రసం పాయగా సాగుతుంది. తెలంగాణ గట్టి రాతి నేలలో నీరు రాతి బీటల వెంట పోతుంది. కుప్ప పక్కనున్న బోరు బాగుండి, కిలోమీటరు అవతల అదే బీట మీద పడ్డ బోరు చెడొచ్చు. 50 మీటర్ల లోపల నాలుగు గొట్టాలు దింపి అన్నీ బాగున్నాయంటే నమ్మడానికి లేదు. రాతి బీటల పటం గీసుకుని, ఊళ్లలో జనం వాడుతున్న బోర్లను కూడా పరీక్షలో కలపాలి. భూగర్భ జలశాఖ పీజోమీటర్లు నీటి మట్టం ఎంత దిగిందో, ఎంత లేచిందో నెలనెలా చెబుతాయి. కుప్పల దగ్గర నాణ్యతకూ అంత క్రమం కావాలి.

రెండోది జాబితా. మన 2016 నిబంధనలు చెత్తస్థలం చుట్టూ నీటిలో చూడమన్నవి 17 అంశాలు: ఆర్సెనిక్, క్యాడ్మియం, క్రోమియం, రాగి, సైనైడ్, సీసం, పాదరసం, నికెల్, నైట్రేట్, పీహెచ్, ఇనుము, కాఠిన్యం, క్లోరైడ్లు, కరిగిన లవణాలు, ఫినాల్ సమ్మేళనాలు, జింకు, సల్ఫేటు. మంచి జాబితాయే. క్లోరైడ్ ఉంది కాబట్టి తొలి హెచ్చరిక అందుతుంది. కానీ లెగ్లర్ కోర్టులో నిపుణుడు చదివిన ఆ పన్నెండు పేర్లలో ఒక్కటీ ఇందులో లేదు. అవే బావులను మన జాబితాతో పరీక్షించి ఉంటే, ఆ పన్నెండింటిలో ఒక్కటి కూడా నివేదికకు ఎక్కేది కాదు. ఊరి చెత్తలో పెయింట్ డబ్బాలు, థిన్నర్లు, గ్రీజు కడిగిన ద్రావకాలు మన దగ్గరా కలుస్తాయి.

చెత్తకుప్పకు దగ్గర్లో బోరు నీళ్లు వాడుతున్నవాళ్లు అడగాల్సిన కాగితాలు మూడు. ఆ స్థలం మొదలుపెట్టక ముందు చేసిన నీటి పరీక్ష. గడచిన ఏడాది మూడు కాలాల నివేదికలు. పరిశీలన బోర్లు కుప్పకు ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతున ఉన్నాయో చూపే పటం. నగరపాలక సంస్థనూ, కాలుష్య నియంత్రణ మండలినీ విడివిడిగా అడగాలి. సమాచార హక్కు దరఖాస్తు రుసుము పది రూపాయలు. ఆ దరఖాస్తులోనే చివరి ప్రశ్నగా, బెంజీన్, ట్రైక్లోరోఎథిలీన్ కోసం ఎప్పుడైనా పరీక్షించారా, ఏ తేదీన, ఏ ప్రయోగశాలలో అని రాయండి.